బ్యాటా, కాలా?

మా బావను క్రికెట్ సంఘంలో అందరూ పెన్సిలు అనేవారు. స్కోరు రాసే రోజుల్లో చెవి మీద పెట్టుకున్న పెన్సిలును అధ్యక్షుడయ్యాక కూడా తియ్యలేదు. కోటు తొడుక్కుని, టై కట్టుకుని, చెవి మీద పెన్సిలుతోనే మంత్రుల పక్కన ఫొటోలు దిగేవాడు. మా అక్క తల కొట్టుకునేది.

ఆయన ఎలా పైకొచ్చాడో నాకు తెలుసు, పక్క కుర్చీలో కూర్చున్నదాన్ని కాబట్టి. మ్యాచ్‌కి ఇద్దరు స్కోరర్లు, రెండు పుస్తకాలు. వారమంతా బడిలో లెక్కలు చెప్పి, ఆదివారం డేరాలో ఆయన పక్కన చేరేదాన్ని. ప్రతి బంతికీ ఒకరు అడగాలి, రెండోవారు చెప్పాలి. తేడా వస్తే ఒకరు కొట్టేసి దిద్దుకోవాలి, పక్కన ఇద్దరూ సంతకం పెట్టాలి. అడగ్గానే జవాబివ్వాలి, ఆలోచిస్తూ కూర్చుంటే తర్వాతి బంతి పోతుంది. అడిగినవాళ్ల మొహం చూసే తీరిక కూడా ఉండదు.

ఆ పుస్తకాలే ఆయన్ని గెలిపించాయి. ఎన్నికలప్పుడు ఒక్కో క్లబ్బు కార్యదర్శి ఇంటికెళ్లి, ఆ పెద్దమనిషే మర్చిపోయిన ముప్ఫయ్యేడు పరుగులను బంతి బంతికీ అప్పజెప్పేవాడు. బొజ్జలు పెరిగిన మగాళ్లు కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. ఇంకేం, ఓట్లు గంపగుత్తగా పడ్డాయి.

కుర్చీ ఎక్కాక కళ్లు నెత్తికెక్కాయి. పని చెయ్యలేదని మాత్రం అనను. మైదానానికి దీపాలు పెట్టించాడు, ఆడపిల్లల జట్టుకు బట్టలు మార్చుకునే గది కట్టించాడు. ఎదురు చెప్పిన కోచ్‌లను ఫోన్లోనే ఇంటికి పంపించేశాడు, నచ్చని క్లబ్బులకు మ్యాచ్‌లే లేకుండా చేశాడు. పొగిడేవాళ్లూ తిట్టేవాళ్లూ ఒకే టీకొట్టులో కొట్టుకునేవారు. నేను రెండు గుంపుల్లోనూ ఉండేదాన్ని.

మూడోసారి ఎన్నికల్లో గెలుపుకు ఒక్క ఓటు తక్కువ పడేలా ఉంది. సెంచరీ కొట్టినవాళ్లకు జీవితాంతం ఓటు ఉంటుందని సంఘంలో పాత నియమం. పోస్టాఫీసు జట్టు మాజీ కెప్టెన్ ఒకాయన తొంభై తొమ్మిది దగ్గర ఆగిపోయాడు, అప్పట్నుంచీ ఆయన పేరే ‘ఒకటి తక్కువ’. ఉన్నట్టుండి, అప్పట్లో బావ రాసిన సంఘం పుస్తకంలో ఆయనకు వంద కనిపించింది, ఓటు వచ్చింది, బావ ఒక్క ఓటుతో గెలిచాడు. ఓడినవాళ్లు ఊరుకుంటారా? విచారణ వేయించారు. రెండో పుస్తకం నా దగ్గరుందని తెలిసి తెమ్మన్నారు.

ఇరవై రెండేళ్ల నాటి పుస్తకం. ఆ మ్యాచ్ చివరి బంతికి నేను పరుగు రాసి, కొట్టేసి, లెగ్ బై అని దిద్దాను. పక్కన మా ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. లెగ్ బై అంటే బంతి బ్యాటుకు కాదు, కాలికి తగిలిందని. ఆ పరుగు జట్టుకు పోతుంది, ఆడినవాడికి రాదు.

అసలు సంగతేమిటంటే ఆ బంతిని నేను చూడనేలేదు, పెన్సిలు చెక్కుకుంటున్నాను. తలెత్తేసరికి వాళ్లు పరుగెడుతున్నారు, పరుగు రాసేశాను. బావ కాలు అన్నాడు, దిద్దేశాను. అంపైరు పోయి పదేళ్లయింది.

విచారణకు ముందురోజు మధ్యాహ్నం అక్క వచ్చింది.

"మీ బావ ఆ రోజు తనే పొరబడ్డానని చెప్తారట. బ్యాటుకే తగిలిందట. నువ్వు చూళ్లేదని చెప్పు చాలు, అబద్ధం కూడా కాదుగా" అంది.

కాదు. ఆ కుర్చీ పోతే మనిషి ఏమైపోతాడోనని దాని భయం. నాకూ భయంగానే ఉంది. సరేనన్నాను. అది వెళ్లాక మాత్రం బుర్రలో ఒకటే పురుగు తొలిచింది. ఇంతకీ ఆ బంతి దేనికి తగిలింది?

సంఘం ఆఫీసులో పొడుగాటి బల్లకు ఆ చివర రిటైరైన జడ్జిగారు కూర్చున్నారు. నన్నూ బావనూ ఈ చివర పక్కపక్కన కూర్చోబెట్టి, రెండు పుస్తకాలూ ముందు పరిచారు. ‘ఒకటి తక్కువ’ గోడ వారగా కూర్చుని మోకాళ్లు నిమురుకుంటున్నాడు. నేను చూడలేదని చెప్పాను. బావ తప్పు తనదేనని, గుర్తొచ్చాక సరిదిద్దానని చెప్పాడు. జడ్జిగారు తలాడించి ఏదో రాసుకోసాగారు. అయిపోయినట్టే.

బావ అలవాటుగా నా పుస్తకం దగ్గరకు లాక్కుని, చెవి మీది పెన్సిలు తీసి, ఆ ఓవరులో ఒక్కో బంతి మీదా ఆనిస్తూ పోతున్నాడు. చివరి బంతి దగ్గరకు వచ్చాడు. నా నోరు ఊరుకోలేదు.

"బ్యాటా, కాలా?"

"కాలు" అన్నాడు తలెత్తకుండా.

జడ్జిగారి కలం ఆగింది. బావ నెమ్మదిగా నా వైపు తిరిగాడు. కోపంగా కాదు, అడిగిందెవరో అప్పుడే తెలిసినట్టు చూశాడు. ‘ఒకటి తక్కువ’ లేచి, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు.

బావ పదవి పోయింది. మైదానంలో అడుగు పెట్టకూడదని నిషేధం కూడా వేశారు. ఇప్పుడు ఇంట్లో టీవీ ముందు కూర్చుని స్కోరు రాసుకుంటున్నాడు. నాతో మాట్లాడుతూనే ఉన్నాడు. మాట్లాడనిది అక్కే. ఒక్కసారి మాత్రం మా గుమ్మంలోకి వచ్చి నిలబడి అడిగింది.

"అంతా అయిపోయింది కదే. ఎందుకడిగావు?"

న్యాయం కోసమని చెప్పి ఉంటే ఎప్పటికైనా క్షమించేదేమో. సిగ్గుతో చచ్చిపోయాను గానీ, ఆ మాట నోటికి రాలేదు.

"తెలుసుకోవాలనిపించిందక్కా" అన్నాను.