అతకని వార్పు

1985 ఆగస్టు తొమ్మిది, శుక్రవారం. ఆ సాయంత్రం హిందూపురంలో, భార్యకు అన్నయిన దాసప్ప ఇంట్లో తిన్నది రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి. శ్రీనివాసులుకు అది ఇప్పటికీ గుర్తే. మగవాళ్లిద్దరికీ కంచాలు పెట్టిన దాసప్ప, సొంత చెల్లెలు పుష్పావతికి మాత్రం, రోగం అంటుకుంటుందని, విస్తరాకు వేశాడు.

“తిన్నాక పారేయొచ్చు,” అన్నాడు, ఆమె వింటుండగానే.

పుష్పావతి గొంతు మీద ఏడేళ్లనాటి కోత మచ్చ ఉంది. థైరాయిడ్ గ్రంథిలో క్యాన్సరని బెంగళూరులో ఆపరేషన్ చేశారు. ధర్మవరం తిరిగొచ్చి మళ్లీ మగ్గం పనిలో పడింది. ఆ వేసవిలో రొమ్ములో గోలీకాయంత గడ్డ చేతికి తగిలింది. ముక్క తీసి పరీక్షకు పంపిన హిందూపురం డాక్టరు, ఆ పొద్దున ఇద్దరినీ కూర్చోబెట్టి ఫలితం చెప్పబోయాడు. క్యాన్సర్ అన్న మాట చెవిన పడగానే శ్రీనివాసులు లేచి వరండాలోకి వెళ్లిపోయాడు. మిగతాది ఆమె ఒక్కతే వింది.

వినడానికి ఇంకేముందనుకున్నాడు. నేతలో నిలువు పోగుల వరసే వార్పు. చీర పూర్తయితే పాత వార్పు కొసలను మగ్గం మీదే వదిలి, కొత్త వార్పు పోగులను బూడిద అద్దిన వేళ్లతో ఒక్కొక్కటే పురిపెట్టి అతుకుతారు. వరస ఎక్కడా తెగదు. గొంతులోని రోగం కూడా అలాగే కిందికి సాగిందని, ఇక తెగదని అతని నమ్మకం.

“ఆపొద్దే చెప్తి కదప్పా, కత్తి తగిలితే పాకుతాదని,” అన్నాడు దాసప్ప. “నా చెల్లెల్ని కోయించి, ఇప్పుడు మూతి ముడుచుకోని కూసుంటే అయితాదా? రేపు పెనుకొండకు పోదాం. నాటువైద్యుడు పోతులయ్య గడ్డ మీద వాత పెడతాడు. మాట్లాడి పెట్టినా.”

“నీ ఇష్టం బావా,” అన్నాడు శ్రీనివాసులు.

“గడ్డ నాకుంటే ఇష్టం మీదా?” అంది పుష్పావతి. “ఇది పాతది పాకింది గాదంట. రొమ్ములోనే కొత్తగా పుట్టిందంట. గొంతులో వచ్చినోళ్లకు ఇట్లా ఇంకోటి పుట్టేది, మామూలోళ్ల కంటే రవ్వంత ఎక్కువేనంట. ఎందుకో ఆ డాక్టరుకూ సరిగా తెల్దంట. చిన్నగా ఉండాది, తీసేస్తే బతికే దావ ఉండాదన్నాడు.”

“ఒకటి చాలదని రెండోదా? ఏం ఒళ్లమ్మా నీది,” అన్నాడు దాసప్ప.

ఆమె మొగుడి వైపు తిరిగింది. “నువ్వనుకునే అతుకు గాదు. ఇది వేరే మగ్గం మీది వార్పు.”

శ్రీనివాసులు చేతిలోని సంగటి ముద్ద కంచంలో పెట్టేశాడు. “యాపొద్దు రమ్మన్నారు?”

“రేపే, బెంగళూరుకు.”

“పెనుకొండ వద్దు బావా.”

“అయితే పోండి. ఇంకో గడ్డ లేస్తే మాత్రం నా గడప తొక్కొద్దు.” దాసప్ప చెయ్యి కడుక్కోకుండానే బయటికి పోయాడు.

అతను తిరిగొచ్చేసరికి పుష్పావతి లోపలి గదిలో నిద్రపోయింది. పడసాలలో చాప మీద మేలుకునే ఉన్న శ్రీనివాసులును దాటుకుని, దాసప్ప తాను రోజూ తాగే ఇత్తడి చెంబును నీళ్లతో నింపి, చెల్లెలి తలాపున పెట్టి వచ్చాడు.

“బండి ఎన్నింటికి?” అన్నాడు, అతని వైపు చూడకుండా.

“ఆరింటికి.”

“నేనూ వస్తాండా. నిన్ను నమ్మి పంపితే మళ్లీ వరండాలో నిలబడతావు.”

పుష్పావతి పడుకున్న గది తలుపు కిర్రుమంటుంది. దాసప్ప దాన్ని రెండు చేతులతో కాస్త పైకెత్తి పట్టుకుని, చప్పుడు కాకుండా మూశాడు.