ఏడు తెల్ల పలకలు

కాగితం మళ్లీ నీలంగా మారింది.

ఒట్టీలియా దాన్ని కిటికీ దగ్గర వెలుతురులో పట్టి చూసింది. పొద్దు పదకొండైనా మైన్ నది మీద మంచు విడలేదు. కుళాయి నీళ్లు తడిపిన కాగితం తెల్లగానే ఉంది. సీసాలోని ఈథర్ తడిపింది మాత్రం సిరాలో ముంచినట్టుంది. ఒకసారైతే పొరపాటనుకోవచ్చు. ఇది మూడోసారి.

ఉదయం ఆరింటి నుంచి ఆమె నిలబడే ఉంది. రంగుల ఫ్యాక్టరీ ప్రయోగశాలలో వాడేసిన ఈథర్ అనే ద్రావకాన్ని ఆవిరి వేడి మీద కాచి, చల్లార్చి, మళ్లీ వాడకానికి శుభ్రంగా దించి ఇవ్వడం ఆమె పని. పందొమ్మిదేళ్లుగా అదే పని. వారానికి ముప్ఫై మార్కుల జీతమూ, ఎంత రుద్దినా పోని వాసనా ఆమెకు మిగిలాయి. ఆదివారం చర్చిలో పక్కవాళ్లు కాస్త జరిగి కూర్చుంటారు.

ఈథర్ నెలల తరబడి గాలికీ ఎండకీ ముదిరితే దానిలో ఒక ప్రమాదకరమైన పదార్థం పుడుతుంది. కాగితాన్ని నీలం చేసేది అదే. కాచినప్పుడు ఈథర్ ఆవిరై పోతుంది గాని అది పోదు, గాజు కుప్పె అడుగున పేరుకుంటుంది. అడుగు ఆరిపోయేదాకా కాస్తే పేలుతుంది. అందుకే ఆ గదిలో ఒక కట్టుబాటు ఉంది. కాగితం నీలమైతే అన్నభేది అనే ఇనుప లవణం కలిపిన నీళ్లు పోసి కుదిపి, కడిగాకే కాయాలి. ఎంత మంచి ఈథరైనా సరే, అడుగున వేలెడు లోతు వదిలెయ్యాలి. ఇది చదువుకున్నవాళ్లు పెట్టిన నియమం కాదు, ఒళ్లు కాల్చుకున్నవాళ్లు పెట్టుకున్నది.

ఈ సీసాలు వేసవంతా కిటికీ గట్టు మీదే ఎండాయి. ఎండ తగలని ముదురు రంగు సీసాలు కొనమని ఒట్టీలియా రెండుసార్లు అడిగింది. తెల్లవి ఉండగా అవెందుకన్నారు పైవాళ్లు.

"అక్కా, ఆ మూల గోడ పలకలు మాత్రం అంత తెల్లగా ఉన్నాయేంటి? మిగతా గోడంతా పచ్చబడిపోయిందిగా," అంది మెహ్టిల్డ్. గాజుసామాను కడగడానికి కొత్తగా చేరిన పిల్ల. మొగుడికి రేవులో పని పోయింది, ఇల్లు ఈమె చేతుల మీదే నడుస్తోంది.

"ఆల్విన్ కూర్చునే చోటది. నాకీ పని నేర్పినాయన."

"ఏమైంది ఆయనకి?"

"ఆ రోజు కుప్పె పేలి ఏడు పలకలు ఊడొచ్చాయే. మర్నాటికల్లా కొత్తవి అతికించేశారు. ఆయన కళ్లకే కొత్తవి దొరకలేదు. ఇప్పుడు గుడ్డివాళ్ల ఆశ్రమంలో బ్రష్షులు కడుతున్నాడు."

మెహ్టిల్డ్ చేతిలో గాజుగ్లాసు సబ్బునీళ్లలోకి జారింది.

విచారణలో తేలింది ఒక్కటే: పనివాడి అజాగ్రత్త. ఎందుకంటే చిట్టాలో సంతకం ఆల్విన్‌ది. ఎవరు కాస్తే వాళ్లే ముందు సంతకం పెట్టాలి, ఆ గది పద్ధతి అది. కాయమన్నవాడి సంతకానికి ఆ పుస్తకంలో గడే లేదు.

తలుపు తోసుకుని, ఈ గది మీద అజమాయిషీ చేసే కెమిస్టు డాక్టర్ సీబాఖ్ వచ్చాడు. వయసు ముప్ఫై దాటదు, కోటు మీద మరక ఉండదు. ఈథర్ వృథా తగ్గించిన డాక్టర్లకు ఏడాది చివర బహుమానమని ఆఫీసువాళ్లు నోటీసు అంటించినప్పటి నుంచి, అడుగున వదిలే ఆ వేలెడు ఈయన కంట్లో నలుసైంది.

"ఇంకా పొయ్యెక్కించలేదా? పై అంతస్తువాళ్లకి మధ్యాహ్నానికల్లా కావాలని చెప్పానా లేదా?"

"కాగితం నీలమైందండీ. కడగాలి, ఆరబెట్టాలి. రేపటికి గాని ఇవ్వలేను."

"కాగితాలు పాతబడి ఉంటాయి."

"పాతవైతే నీళ్లకీ నీలం కావాలి కదండీ."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. బల్ల మీది కాగితాల డబ్బా తీసి కోటు జేబులో వేసుకున్నాడు. "ఇవి కెమిస్టుల కోసం తెప్పించినవి, నీ ఆటలకి కాదు. చివరి చుక్క దాకా దించు. వేలెడూ బెత్తెడూ అని ముసలాళ్ల కబుర్లు నా దగ్గర చెప్పకు." అంటూ చిట్టా తెరిచి ముందుకు తోశాడు. "పెట్టు సంతకం."

ఒట్టీలియాకు భయం వేసింది. నలభై నాలుగేళ్లు వచ్చాక, ఈ వాసనతో, బయట ఎవరు పని ఇస్తారు? మంచం పట్టిన తల్లికి బొగ్గులెవరు తెస్తారు? కలం తీసుకుంది. సంతకం గడిలో పేరు రాయలేదు. తడి ఆరని నీలం కాగితాన్ని అక్కడ అంటించి, పక్కన రాసింది: "నీలం. కాయను."

సీబాఖ్ వంగి ఆ రెండు మాటలూ చదివాడు.

"కాయవూ? గేటు బయట నీలాంటివాళ్లు నలభైమంది నిలబడి ఉన్నారు, తెలుసా?"

"తెలుసండీ. వాళ్లకి ఎనభై కళ్లున్నాయి."

డాక్టర్ ఆమెను వదిలేసి మెహ్టిల్డ్ వైపు తిరిగాడు. "నువ్వు రా. రేపటి నుంచి ఈవిడ జీతం నీది."

మెహ్టిల్డ్ చేతులు తుడుచుకుంటూ రెండడుగులు వేసింది. ఇంట్లో ఖాళీగా కూర్చున్న మొగుడు గుర్తొచ్చాడేమో, ఇంకో అడుగూ వేసింది. అప్పుడు పలకల వైపు చూసింది, అక్కడే ఆగిపోయింది.

"నాకు చేతకాదండీ."

"చేతకాకపోవడానికేముంది? ఆవిరి కుళాయి తిప్పడమేగా! చంటిపిల్లలు కూడా తిప్పుతారు!"

"అంత తేలికైన పనికి ఆ పిల్లెందుకండీ," అంది ఒట్టీలియా. కుప్పె ముందున్న స్టూలును ఏప్రన్ అంచుతో తుడిచి ఆయన వైపు జరిపింది. "మీరే కూర్చోండి. చిట్టా ఇక్కడే ఉంది, సంతకం పెట్టండి."

ఆ స్టూలు కాళ్లు రాసుకుని రాసుకుని నేల మీద నాలుగు గుంటలు పడ్డాయి. ఇన్నేళ్లలో ఒక్క డాక్టరూ దాని మీద కూర్చోలేదు. సీబాఖ్ దాన్ని చూశాడు, ఇద్దరు ఆడవాళ్లనూ చూశాడు. కూర్చోకుండానే వంగి ఆవిరి కుళాయి పట్టుకున్నాడు. ఇప్పుడు ఆయన ముఖానికి సరిగ్గా ఎదురుగా ఉన్నాయి, ఏడు తెల్ల పలకలు.

ఫ్యాక్టరీ పన్నెండు గంటల కూత కూసింది. నడవలో జనం భోజనాలకు కదిలిన చప్పుడు వినిపించింది. ఈ గదిలో ఎవరూ కదల్లేదు. ఆయన చెయ్యి కుళాయి మీదే ఉంది. తిప్పనూ లేదు, తియ్యనూ లేదు.