ఎనిమిదో ఇన్నింగ్స్ తీర్పు

భయం గురించి అబద్ధమెందుకు? ఆ ఆదివారం మధ్యాహ్నం నేను భయపడ్డాను.

1958, ఫ్రెస్నో. ఊరి పేపరుకు బేస్‌బాల్ వార్తలు రాసేవాణ్ణి. ఆర్మీనియా నుంచి వచ్చిన దర్జీ కొడుకు పేరు అచ్చులో పడుతోందని మా వీధంతా మురిసిపోయేది. ఆ రోజుల్లో స్కోరు తీర్పు కూడా విలేకరులదే. కొట్టినవాడు తన దెబ్బతో గట్టెక్కితే హిట్. పట్టేవాడి చేతకానితనంతో గట్టెక్కితే ఎర్రర్. ఏదో నేనే తేల్చాలి.

ఎనిమిదో ఇన్నింగ్స్. బంతి విసిరే మా పిచర్ డట్టన్ అప్పటిదాకా ఒక్క హిట్టూ ఇవ్వలేదు. ఇలాగే ముగిస్తే పెద్ద లీగు పిలుపు ఖాయమని వాడే చాటుకున్నాడు. వాడికి కోపమొస్తే ఒళ్లు తెలియదు. పోయిన ఏడాది నచ్చని వార్త రాసినవాణ్ణి చొక్కా పట్టి గోడకు అదిమాడు.

బంతి నేల మీద దూసుకొచ్చి, గులకరాయి తగిలి ఎగిరి, రెండో, మూడో బేసుల మధ్య కాపు కాసే షార్ట్‌స్టాప్ ఎలాడియో భుజానికి కొట్టుకుని పక్కకు పోయింది. వాడు క్యూబా నుంచి వచ్చి నెలన్నరే అయింది. ఇంకొక్క ఎర్రర్ చేస్తే ఇంటికి పంపేస్తానని జట్టు మేనేజరు అందరి ముందూ అన్నాడు. కానీ ఆ బంతిని దేవుడు కూడా పట్టలేడు. హిట్టే.

నోరు తెరిచాను. కింద మైదానంలోంచి డట్టన్ విలేకరుల గది వైపు, నా వైపే చూస్తున్నాడు.

పక్కనున్న ముసలి విలేకరి హాలొరన్ గొణిగాడు. "ఒరేయ్ హైగ్, బతకాలని లేదా? క్యూబావాడి నెత్తిన రుద్దెయ్. వాడెవడితో చెప్పుకుంటాడు?"

"ఎర్రర్," అన్నాను. ఎవరికీ వినపడలేదు, రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

డట్టన్ ఒక్క హిట్టూ ఇవ్వకుండానే ఆట ముగించాడు. జనం వాణ్ణి భుజాలకెత్తుకున్నారు. ఇంటికెళితే అమ్మ ద్రాక్షాకుల్లో అన్నం, మాంసం చుట్టి వండిన దోల్మా పెట్టింది. "ఏమిట్రా, దయ్యాన్ని చూసొచ్చావా?" అంది. పళ్లెం పక్కకు నెట్టాను. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనిపించింది. తీర్పు మార్చుకోవడానికి ఒక్కరోజు గడువుంది.

పొద్దున్నే మైదానానికి పరిగెత్తాను. ఎలాడియో ఒక్కడే బెంచీ మీద కూర్చుని బూట్లు తుడుచుకుంటున్నాడు. నాకొచ్చిన ముక్కల స్పానిష్‌లో చెప్పాను. "నిన్నటిది హిట్టేనయ్యా. ఇప్పుడే లీగు ఆఫీసుకు ఫోన్ చేసి మార్చేస్తాను."

వాడు బూటు పక్కన పడేసి గబుక్కున లేచి నిలబడ్డాడు.

"అయ్యో, వద్దు సార్! మీకు పుణ్యముంటుంది. మారిస్తే డట్టన్ నన్ను బతకనివ్వడు. మీరు సాయంత్రానికి ఇంటికెళ్లిపోతారు. నేను వాడితో ఒకే బస్సులో తిరగాలి."

"మరి మేనేజరు పంపేస్తే?"

"పంపితే పంపనీయండి. తప్పు నాదే సార్. పట్టాల్సింది." టోపీ తీసి గుండెలకు హత్తుకున్నాడు.

మా నాన్న ఇంటి యజమాని ముందు అచ్చం ఇలాగే నిలబడి, చెయ్యని తప్పులు ఒప్పుకునేవాడు. తలుపు వెనక నుంచి చూస్తూ ఆ యజమాని మీద పళ్లు నూరేవాణ్ణి. ఇప్పుడు ఆ యజమాని నిలబడ్డ చోట నేను నిలబడ్డాను.

"సరేలే," అన్నాను. అనగానే నా గుండెల మీంచి బరువు దిగిపోయింది. అమ్మయ్య అనుకున్నాను, సిగ్గులేకుండా. డట్టన్‌కంటే ఆ అమ్మయ్యే నన్ను ఎక్కువ భయపెట్టింది.

బుధవారం ఎలాడియోను పంపేశారు. ఆ వార్త రెండు లైన్లలో నేనే రాశాను.