మార్తమ్మ పొయ్యి నిప్పు

యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క మా లారీలన్నీ బొగ్గు మీద నడిచేవి. ఇనప డ్రమ్ములో బొగ్గులు పోసి, కణకణలాడే నిప్పులు వేసి, చేత్తో ఫ్యాను తిప్పీ తిప్పీ చేతులు పడిపోయాక గాని ఇంజను పలికేది కాదు. ఒకసారి ఆరిందా, మా పని గోవిందా.

మార్కాపురం పలకలు ఎత్తుకుని కర్నూలు పోయేవాళ్లం. దోర్నాల దాటాక అడవి హద్దు గేటు, గేటు పక్కన మార్తమ్మ పొయ్యి. మొగుడు పోయిన మనిషి, ఇద్దరు ఆడపిల్లలతో ఆ పొయ్యి మీదే బతికేది. అందరం ఆమె వండిన సంకటి తిని, కొండ ఘాటు ఎక్కే ముందు ఆమె నిప్పులే డ్రమ్ములో వేసుకునేవాళ్లం. మాలో మాలకొండయ్య మాత్రం సంకటి ముట్టడు. ఊరి బయట పల్లె కిరస్తానీ చేతి కూడట! నిప్పులకైతే అందరికన్నా ముందు పార పట్టుకుని నిలబడేవాడు. నాకు ఒళ్లు మండేది.

ఆ ఎండాకాలం కొత్త రేంజరు వచ్చాడు. అడవి తగలబడుతుందని హుకుం వేశాడు. గేటు దగ్గర నిప్పు కనిపించకూడదు. లారీ నిప్పు ఆర్పి, బండిని అవతలికి తోసుకుపోయి మళ్లీ వెలిగించుకోవాలి. పలకల లోడును ఎత్తులోకి తోయడమట! అంతటితో ఆగక, గార్డు చేత మార్తమ్మ పొయ్యిలో బిందెడు నీళ్లు పోయించాడు. సంకటి సగం ఉడికి ఆగిపోయింది. పిల్లలు ఏడుపు అందుకున్నారు.

నిప్పు పోయిందని మాలకొండయ్యకూ కోపమే. "హుకుం ప్రకారమే పోదాం పా" అన్నాడు నాతో. తన లారీని సరిగ్గా గేటు కర్ర కింద నిలిపి నిప్పు ఆర్పేశాడు. వెనకాల మేమంతా ఆర్పేశాం.

"తొయ్యండి!" అని అరిచాడు గార్డు.

"ఆర్పమన్నారు, ఆర్పినాం. తోసేది మీ వల్ల అయితే తొయ్యండి" అన్నాను.

అంతలో ఆత్మకూరు వైపు నుంచి రేంజరు పైఅధికారి, పెద్ద దొర కారు వచ్చి గేటుకు అవతల ఆగింది. రేంజరు మొహం పాలిపోయింది. "వెలిగించి తియ్యండ్రా!"

"నిప్పులేవి సామీ? మార్తమ్మ పొయ్యిలో ఉండె. మీరే ఆర్పించినారు" అన్నాడు మాలకొండయ్య.

రేంజరు ఆమె వైపు తిరిగాడు. "ముట్టించమ్మా!"

ఆమె కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. "ఆర్పింది నేను కాదు దొరా. మళ్లా ఈ పొయ్యి జోలికి రానని ఇందరి ముందర చెప్పి, మీరే ముట్టియ్యండి."

చెప్పాడు. గొంతుక్కూర్చుని, తడి బూడిద ఎత్తిపోసి, పుల్లలు పేర్చి, ఊది ఊది కళ్లనీళ్లు కారుస్తూ ముట్టించాడు. నాకెంత సంతోషమేసిందో!

మాలకొండయ్య పార పట్టుకుని ముందుకొచ్చాడు. మార్తమ్మ సంకటి కుండ పొయ్యి మీదికెక్కించి అడ్డంగా కూర్చుంది.

"నా నిప్పు పనికొస్తది, దాని మీద ఉడికిన కూడు పనికిరాదా అన్నా? ఈ పొద్దు తిన్నోళ్లకే నిప్పులు."

అవతల కారు హారను మోగుతూనే ఉంది. సంకటి ఉడికింది. రేంజరు చేతులు జోడించాడు. "తినవయ్యా, నీకు దండం పెడతా."

మాలకొండయ్య మా అందరి మొహాలూ చూశాడు. పార కింద పెట్టి, ఆకు ముందు కూర్చున్నాడు. ఒక ముద్ద మింగి తలెత్తాడు.

"ఉప్పు తక్కువైందక్కా" అన్నాడు.