సమాధి గదిలో విత్తనపు దుంపలు

నవంబరు గాలివాన వెలిసేసరికి గిడియన్ పర్వెస్ చేతిలో మిగిలినవి ఇవి: కప్పు ఎగిరిపోయిన గోదాము, అందులో ఏడాది వ్యాపారమంతా తామే అయిన విత్తనపు బంగాళాదుంపలు, ఒక పాత లారీ, రాబోయే నష్టాన్ని ముందే చెప్పగల భార్య ఎఫీ.

"రేపో ఎల్లుండో గడ్డకట్టే చలి దిగుతుంది" అంది ఎఫీ టీ పోస్తూ. "చలి తగిలిందంటే దుంపలన్నీ నల్లబడి నీరుకారిపోతాయి. ఇక వసంతంలో రైతులకు ఏం అమ్ముతావు, నీ మొహమా?"

"దానికి గిరాకీ లేదులే" అన్నాడు గిడియన్.

ఊళ్ళో కొట్టాలన్నీ గొర్రెలతో, గడ్డితో నిండి ఉన్నాయి. ఖాళీగా, చీకటిగా, మందపాటి గోడలతో ఉన్నది ఒక్కటే. చర్చి ఉత్తరపు గోడకు ఆనించి కట్టిన హార్డ్‌లా దొరల సమాధి గది. ఊరంతా దాన్ని ఐల్ అంటారు. ఒక మూల కారుతుంది గానీ మిగతాదంతా పొడిగానే ఉంటుంది. అందులో ఒక రాతి దొర వెల్లకిలా పడుకుని ఉంటాడు. ఆయనకు చెరోవైపు ఇద్దరు రాతి భార్యలు. మొదటి ఆవిడ ఆయన వైపు చూడదు, రెండో ఆవిడ మొదటి ఆవిడ వైపు చూడదు. దొరకు ముక్కు ఏనాడో ఊడిపోయింది, గర్వం మాత్రం ఊడలేదు. నేల కింద సీసపు పెట్టెల్లో మిగతా వంశం ఉంది. వాళ్ళలో ఒక్కడూ బతికుండగా ఊరికి ఒక దుంప పెట్టిన పాపాన పోలేదు. ఇప్పుడు పెట్టనక్కర్లేదు, నా దుంపలకు కాస్త కాపలా ఉంటే చాలు అనుకున్నాడు గిడియన్.

లండన్‌లో పెరిగిన ఆ వంశపు కుర్ర దొర ఆ వారమే వేటకు వచ్చి ఉన్నాడు. గిడియన్ అతన్ని బంగళా గేటు దగ్గరే పట్టుకున్నాడు.

"దొరగారూ, చిన్న మనవి. ఐల్‌లో నా బస్తాలు కొన్నాళ్ళు పెట్టుకుంటే మీకేమన్నా అభ్యంతరమా?"

"ఐల్‌లోనా? నడిచేవాళ్ళకు అడ్డం కాదూ?"

"అక్కడున్నవాళ్ళు నడవడం మానేశారు కదండీ."

దొర పెద్దగా నవ్వాడు. "నాకేం అభ్యంతరం లేదు. పెట్టుకోండి."

బేరంలో అవతలివాడు అంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటే ఎక్కడో తేడా ఉందని గిడియన్‌కు తెలుసు. చలి వస్తోందని కూడా తెలుసు. రెండోదే ఎక్కువ తూగింది.

చర్చి తలుపు దగ్గర పాస్టరు మక్‌క్వారీ అడ్డంగా నిలబడ్డాడు. "గిడియన్, ఇది దేవుడి ఇల్లయ్యా."

"ఐల్ దేవుడి ఇల్లు ఎప్పుడైందండీ? చర్చిలో ఎవర్నీ పూడ్చకూడదని పాతకాలం పాస్టర్లే కట్టడి చేశారు. అప్పుడు దొరలు పక్కనే ఈ గది కట్టుకుని, ఇది చర్చి కాదండోయ్ అని అందులో పడుకున్నారు. శవాలకు చర్చి కానిది దుంపలకు ఎలా అవుతుంది?"

పాస్టరు పక్కకు జరిగాడు. "మీ నాన్న కూడా ఇంతే. ఆయనతో మాట్లాడితే నాకు తలనొప్పి వచ్చేది."

సాయంత్రానికి బస్తాలన్నీ లోపలికి చేరాయి. రెండో భార్య కాళ్ళ దగ్గర కూడా చోటు వృథా పోలేదు. ఎఫీ ఒక చిన్న దుంప ఏరి రాతి దొర ముక్కు ఉండాల్సిన చోట కూర్చోబెట్టింది. అచ్చంగా సరిపోయింది.

"ఇప్పుడు మనిషిలా ఉన్నాడు" అంది.

ఆదివారం నాటికి తొట్లలో నీళ్ళు గడ్డకట్టాయి. ప్రార్థన అయ్యాక కుర్ర దొర తన పూర్వీకులను పలకరించడానికి ఐల్ తలుపు తీశాడు. అతని కేక చర్చంతా వినబడింది. గిడియన్, ఎఫీ, పాస్టరు పరుగెత్తుకెళ్ళారు.

"ఏమిటివి?"

"కెర్స్ పింక్ అండీ" అన్నాడు గిడియన్. "మంచి రకం."

"నేనడిగింది రకం కాదు. ఇవి ఇక్కడెందుకున్నాయి?"

"ఐల్‌లో పెట్టుకోమని మీరే కదండీ అన్నారు."

"ఐల్ అంటే బెంచీల మధ్య నడిచే దారి!"

"లండన్‌లో అంతేనేమో. మేం దాన్ని దారి అనే అంటాం."

దొర ముఖం ఎర్రబడింది. "ఇది పవిత్రమైన చోటు. ఇది చర్చి. సాయంత్రంలోగా ఇవన్నీ బయట ఉండాలి."

గిడియన్ బస్తాల వైపు చూశాడు. ఆ రాత్రి బస్తాలు బయట ఉంటే తెల్లారేసరికి అమ్మడానికి అతని దగ్గర లారీ తప్ప ఏమీ ఉండదు. ఎఫీ అతని చెయ్యి పట్టుకుంది.

పాస్టరు దగ్గాడు. "దొరగారూ, చర్చి అన్నారా?"

"అన్నాను."

"మంచిది. ఐల్ కప్పు కారి నా ప్రసంగ వేదిక తడుస్తోందని ఎన్నిసార్లు చెప్పినా మీ మనుషులూ అదే అన్నారు. అది చర్చిదే, మీరే చూసుకోండి అన్నారు. అలాగే, చూసుకుంటాం. కాకపోతే చర్చిలో శవాలు ఉండకూడదు. మీ తాతగారినీ ముత్తాతగారినీ ఎటు పంపమంటారు? మీ బంగళాలో గదులేమన్నా ఖాళీగా ఉన్నాయా?"

దొర మాట మార్చాడు. "అయితే చర్చి కాదు. ఇది మా సొంతం."

"అయితే కారేది మీ కప్పు."

సరిగ్గా అప్పుడే, ఎండకు కప్పు మీది మంచు కరిగి, పైనుంచి ఒక చుక్క దొర టోపీ మీద పడింది. అతను తలెత్తి కప్పును చూశాడు. కొత్త పలకలకూ పనివాళ్ళకూ ఎంతవుతుందో అతని ముఖం మీద అంకెలు కనబడ్డాయి. అలాంటి ముఖాన్ని గిడియన్ సంతల్లో చాలాసార్లు చూశాడు.

"కప్పు నేను బాగుచేయిస్తాను దొరగారూ" అన్నాడు నెమ్మదిగా. "దుంపలు మార్చి దాకా ఇక్కడే ఉంటాయి."

ఇంకో చుక్క పడింది.

"సరే" అన్నాడు దొర. "ముందు ఆ ముక్కు తియ్యండి."

"అది లేకపోతే ఏం బాగుంటాడు?" అని గొణుగుతూ ఎఫీ దాన్ని తీసి జేబులో వేసుకుంది.

మార్చి ఆఖరుకు గిడియన్ లెక్క తేల్చుకున్నాడు. పోయినవి కప్పుకు పట్టిన పలకలు, కారే మూలలో కుళ్ళిన ఒక బస్తా. పాస్టరుకు పొడి వేదిక దక్కింది. దొరకు పైసా తియ్యకుండా కప్పు దక్కింది. గిడియన్‌కు మిగతా విత్తనమంతా దక్కింది, అతను చెప్పిన ధరకే రైతులు పట్టుకుపోయారు.

జేబులో మొలకెత్తిన ముక్కును ఎఫీ పెరట్లో పాతింది. ఎండాకాలం చివర తవ్వితే ఒక బకెట్టు దుంపలొచ్చాయి. ఇరుగుపొరుగుకు తలా రెండు పంచింది. హార్డ్‌లా వంశం నుంచి ఊరికి ముట్టినది ఇప్పటికి అంతే.