జాలీ బండి గొంతు

"బండి మళ్ళీ మూగబోయింది, చూడు," అన్నాడు మా ఆయన రోంగ్‌కున్ వంటింటి గుమ్మంలో నిలబడి.

నా చేతులు మోచేతుల దాకా ముల్లంగి తురుములో ఉన్నాయి. ఫిబ్రవరిలో వచ్చే మా కొత్త సంవత్సరానికి ఇంకా ఎనిమిది రోజులుంది. బియ్యప్పిండిలో ముల్లంగి తురుము కలిపి ఆవిరి మీద ఉడికించిన దిమ్మ లేనిదే మా అత్తయ్యకి సంవత్సరం మారదు. ఆవిడ బల్ల ముందు కూర్చుని "సన్నగా అమ్మాయ్, ఇంకా సన్నగా" అంటూ తురుముని వేళ్ళతో నలిపి చూస్తోంది. బండి మూగబోయిందన్న మాట ఆ ఇంట్లో నాతోనే అనాల్సి వచ్చిందే అనుకున్నాను. కిందటి ఏప్రిల్లో నాకు థైరాయిడ్ ఆపరేషన్ అయింది. గడ్డ పోయింది, దానితో పాటు గొంతూ పోయింది. మిగిలింది గరగర. మాట్లాడితే ఎవరో ఇసుకలో పార లాగినట్టుంటుంది.

"మళ్ళీ ఏమైంది?" అన్నాను.

"నాకేం తెలుసు? నిన్న నువ్వేగా కెలికావు."

ఆడలేక మద్దెల ఓడన్నాడట. బండిలో ఆ స్టీరియోని కొన్నది ఆయన, బిగించింది ఆయన. పాతది వానకి తడిసి చచ్చిపోతే, ఎక్కడో రాత్రి బజారులో దీపాలు మెరిసే కొత్త సెట్టు కొనుక్కొచ్చి, "ఇందులో బ్రహ్మవిద్య ఏముంది, రంగుకు రంగు కలపడమే" అని ఒక మధ్యాహ్నమంతా వక్క నములుతూ కూర్చుని బిగించాడు. బ్యాటరీ తీగ ఊడదీయకుండానే మొదలుపెట్టాడు. తీగలు ఒకదానికొకటి తగిలి చిన్న నిప్పురవ్వ లేచింది. సెట్టు అసలు మేలుకోలేదు. కంపెనీ మోసం చేసిందని కంపెనీని తిట్టాడు. నేను వెళ్ళి సెట్టు వెనకాల గోరంత ఫ్యూజు మాడిపోయి ఉంటే చూసి మార్చాను. దీపాలు వెలిగాయి. "చెప్పానా, సెట్టు మంచిదే," అన్నాడు.

మాది నీలం రంగు చిన్న ట్రక్కు. వెనక అల్యూమినియం ఫ్రేములు, దోమల జాలీ చుట్టలు, రబ్బరు తాడు. నెత్తిన రెండు లౌడ్‌స్పీకర్లు. దక్షిణ తైవాన్‌లో దోమలకి చలికాలమంటూ లేదు కాబట్టి మాకు ఏడాది పొడుగునా పనే. అయినా ఏడాది చివర జనం ఇళ్ళు దులుపుకునే ఈ పదిహేను రోజులే మా కోతకాలం. మా ఊరు డోంగ్‌గాంగ్ సందుల్లో బండి కంటే ముందు దాని గొంతు వస్తుంది. "కిటికీ జాలీలు, తలుపు జాలీలు, చిరిగినవి మారుస్తాం, వదులైనవి బిగిస్తాం. మేస్త్రీ గారు స్వయంగా వచ్చారు, మీ గుమ్మంలోనే చేసిపెడతారు." ఆ గొంతు వినపడితేనే జనం చిరిగిన జాలీ పట్టుకుని బయటికొస్తారు. వినపడకపోతే మేము ఊరికే ఊరు చుట్టి రావడమే.

ఆ గొంతు నాది. ఇరవై ఒక్క ఏళ్ళ కిందట ఇదే వంటింట్లో క్యాసెట్టు మీద రికార్డు చేశాం. అత్తయ్య పొయ్యి మీద మూకుడు దించి, మూతి బిగించుకుని నిలబడింది. "మేస్త్రీ గారు స్వయంగా అని చెప్పు, మర్యాదగా ఉంటుంది," అని రోంగ్‌కున్ పక్కనుంచి అందించాడు. అప్పుడు ఆ మాట నిజమే. ఆయనే కొలిచేవాడు, ఆయనే కోసేవాడు. నేను సామాన్లు అందించేదాన్ని. తర్వాత ఆయనకి నడుం నొప్పి వచ్చింది, తర్వాత జనంతో కబుర్లు ఎక్కువయ్యాయి, తర్వాత ఎప్పుడో, ఏ సంవత్సరమో చెప్పలేను, కొలత టేపు నా చేతిలోకి వచ్చేసింది. ఆయన బండి నడుపుతాడు, దిగి సిగరెట్ వెలిగిస్తాడు, చేపల ధర మాట్లాడతాడు. నేను నేలమీద గొంతుక్కూర్చుని జాలీ కదలకుండా ఫ్రేములోకి రబ్బరు తాడు నొక్కుతుంటాను. అయ్యాక ఇంటివాళ్ళు ఆయనకి "మేస్త్రీ గారూ, చాలా నీటుగా చేశారు" అని టీ ఇస్తారు. నాకూ ఇస్తారు, అబద్ధం చెప్పకూడదు. రెండో కప్పు నాది.

క్యాసెట్టు సీడీ అయింది, సీడీ పెన్‌డ్రైవ్ అయింది. గొంతు మాత్రం ఇరవై తొమ్మిదేళ్ళ దగ్గరే ఆగిపోయింది.

ముల్లంగి చేతులు కడుక్కుని బయటికి వస్తుంటే అత్తయ్య వెనకనుంచి, "ఆ తురుము నల్లబడుతుంది, త్వరగా వచ్చెయ్," అంది. వాళ్ళబ్బాయి రెండు చేతులూ ఖాళీగానే ఉన్నాయి. ఆ సంగతి ఆవిడకీ కనిపించలేదు, ఆయనకీ తట్టలేదు. ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన రోజున నేను మాట్లాడబోతే శబ్దం రాక ఏడ్చాను. అప్పుడావిడ, "గొంతు పోతే పోయింది, చేతులున్నాయిగా," అంది. ఓదార్పుగానే అంది పాపం. రోంగ్‌కున్ అయితే తమ్ముడితో ఫోన్లో, "ఇప్పుడు మా ఇల్లు గుడి కంటే ప్రశాంతం," అని నవ్వాడు. నేనూ నవ్వాను, శబ్దం రాలేదు.

డాక్టరమ్మ మాత్రం తేల్చి చెప్పింది. "నరం తెగలేదు, బలహీనపడింది. ప్రతి మంగళవారం ఇక్కడికి, కావ్‌షియుంగ్ ఆసుపత్రికి వచ్చి గొంతుకి కసరత్తు చేయించుకుంటే చాలావరకు తిరిగొస్తుంది. ఏడాది దాటనివ్వకు, దాటితే ఇలాగే ఉండిపోతుంది." రెండు మంగళవారాలు వెళ్ళాను. మూడో మంగళవారం రేవు వెనక వీధి రౌండు ఉందన్నాడు రోంగ్‌కున్. నాలుగోది తుపానుకి జాలీలన్నీ ఎగిరిపోయిన వారం. ఆ తర్వాత మంగళవారం సంగతి నేనూ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. ఇప్పుడు నా ఏడాదిలో మిగిలింది రెండు నెలలు.

బండి తలుపు తీసి, సీటు మీద వెల్లకిలా పడుకుని, తల స్టీరింగ్ కిందికి దూర్చాను. నిన్న నేను కెలికానన్నాడే, అది ఈ సంగతే. ఫ్యూజు మార్చాక సెట్టు మేలుకుంది కానీ, తాళం తిప్పి బండి ఆపినప్పుడల్లా అన్నీ మర్చిపోయేది. గడియారం సున్నా, శబ్దం సున్నా, పెన్‌డ్రైవ్ సంగతే తెలియనట్టు రేడియో మొదలుపెట్టేది. మేము రోజుకి నలభైసార్లు ఆగుతాం. నలభైసార్లూ మీటలు నొక్కి దానికి పాఠం మొదటినుంచి చెప్పాల్సింది నేనే. ఆయన డ్రైవింగులో ఉంటాడు కదా.

టెస్టు బల్బు ఒక్కో తీగకి ఆనించి చూశాను. సెట్టుకి రెండు తీగల్లో కరెంటు రావాలి. పసుపు తీగ బండి నిద్రపోయినా బతికుండాలి, సెట్టు జ్ఞాపకమంతా దాని మీదే. ఎర్ర తీగ తాళం తిప్పితే లేవాలి, తాళం తీస్తే పడుకోవాలి. మా బండి మూడు చేతులు మారిన బండి. ఎవరో పాత యజమాని దొరికిన తీగలు దొరికినట్టు అతికాడు. ఇందులో రంగులు తారుమారు. రోంగ్‌కున్ రంగుకు రంగు కలిపాడు, పసుపు పోయి తాళానికి తగులుకుంది. తాళం తీయగానే సెట్టుకి జ్ఞాపకం పోతోంది.

అత్తయ్య బీపీ మాత్ర ఏడింటికి. మూడో సందు మేడ ఇంటి కిటికీ ఎడమ రెక్క ఒక అర అంగుళం వంకర. రోంగ్‌కున్‌కి రొయ్యలు పడవు. ముల్లంగి తురుము నల్లబడుతుంది. ఇవన్నీ గుర్తుంచుకునే పసుపు తీగ నాది. ఆయన తీగ మాత్రం ఇంట్లోనూ తాళానికే. గుమ్మం దాటి లోపలికి రాగానే పడుకుంటుంది. నేను రెండు తీగలూ కోసి, మార్చి కలిపి, టేపు చుట్టాను.

తాళం తిప్పాను. సెట్టు లేచింది. ఆపి, మళ్ళీ తిప్పాను. గడియారం సరిగ్గా ఉంది, ఎక్కడ ఆగిందో అక్కడినుంచే అందుకుంది. ఒక్క క్షణం నాకు ఎంత హాయి అనిపించిందో చెప్పలేను. అప్పుడు నా ఇరవై తొమ్మిదేళ్ళ గొంతు తీయగా, "చిరిగినవి మారుస్తాం, వదులైనవి బిగిస్తాం. మేస్త్రీ గారు… మేస్త్రీ గారు… మేస్త్రీ గారు…" అని అక్కడే ఇరుక్కుపోయింది.

పెన్‌డ్రైవ్ తీసి ఫోనుకి తగిలించి విన్నాను. అందులోనూ అక్కడే ఇరుక్కుంది. అంటే సెట్టు తప్పు కాదు, పెన్‌డ్రైవ్ పాడైపోయింది. మొదటి రెండు ముక్కలు బాగానే ఉన్నాయి, ఆ మేస్త్రీ గారి దగ్గరే చెడింది.

రోంగ్‌కున్ అద్దంలోంచి తొంగి చూశాడు. "అయిందా?"

"సెట్టు అయింది. పాట పాడైంది."

"అయితే బజార్లో రికార్డు చేసినవి అమ్ముతారుగా, ఒకటి తెచ్చేస్తా. నువ్వు మాత్రం చెప్పకు తల్లీ. నీ గొంతు విని జనం తలుపులు వేసుకుంటారు." నవ్వుతూనే అన్నాడు. అన్నీ నవ్వుతూనే అంటాడు.

పోయిన వారం చేపల బజారు వెనక సందులో కూడా ఇలాగే నవ్వాడు. ఆ-గిమ్ అవ్వ ఉప్పేసి పలకలుగా నొక్కిన చేపగుడ్లు ఎండబెట్టుకుంటూ, "మేస్త్రీ, నీ బండిలో ఈ పిల్ల గొంతు ఎంత బాగుందయ్యా, ఎవరిది?" అని అడిగింది. నేను ఆవిడ గుమ్మంలోనే, ఆవిడ కాళ్ళ దగ్గరే కూర్చుని ఆవిడ జాలీకి రబ్బరు నొక్కుతున్నాను. తలెత్తాను. రోంగ్‌కున్ నా వైపు చూశాడు, నా గరగర గుర్తొచ్చిందో, అదంతా చెప్పడం ఎందుకనుకున్నాడో, "బజార్లో కొన్నా అవ్వా, చవగ్గా వచ్చింది," అన్నాడు. నేను తల దించుకుని రబ్బరు నొక్కాను. ఆపరేషన్ రోజున కూడా నాకంత నొప్పి వేయలేదు.

"ఐదు నిమిషాలు ఆగు, నేను సరిచేస్తా. బజారుకి వెళ్ళకు," అన్నాను.

బండి అద్దాలు పైకెత్తాను. లోపలినుంచి అత్తయ్య, "అమ్మాయ్, తురుము!" అని అరిచింది. ఫోను పెదాల దగ్గర పెట్టుకున్నాను. మొదటిసారి పై శ్రుతికి పోబోతే గొంతు చిరిగి దగ్గొచ్చింది. రెండోసారి ఆ పాత పిల్లలా పలకబోయి నాకే సిగ్గేసింది. కావ్‌షియుంగ్‌లో ఆ కసరత్తు నేర్పినమ్మాయి చెప్పింది గుర్తొచ్చింది, గొంతు పెంచకు, ఊపిరి పెంచు అని. మూడోసారి మామూలుగా, పక్కింటావిడతో మాట్లాడినట్టు, ఉన్న గొంతుతో చెప్పాను. చెప్పినదాన్ని బండి అరలో ఉన్న కొత్త పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి సెట్టుకి గుచ్చాను. పాతది రుమాల్లో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

పావుగంట తర్వాత చేపల బజారు వెనక సందు మొదట్లో బండి ఆపి రోంగ్‌కున్ మళ్ళీ తాళం తిప్పాడు. సెట్టు దానంతటదే లేచింది. "చూశావా, సెట్టు మంచిదే అంటే విన్నావా," అన్నాడు. దారిలో ఆపి ఉంచిన స్పీకర్ల మీట నొక్కాడు, నెత్తిమీద అవి అందుకున్నాయి.

"కిటికీ జాలీలు, తలుపు జాలీలు. కొలిచేది నేనే, కోసేది నేనే, బిగించేదీ నేనే. నా పేరు జిన్‌యే. గొంతు బాగాలేదు, పని బాగుంటుంది. పిలవండి, వస్తాను. మంగళవారం మాత్రం రాను."

రోంగ్‌కున్ బ్రేకు మీద కాలేశాడు. చెయ్యి మీట మీదికి పోయింది. అప్పటికే ఆ-గిమ్ అవ్వ చేపగుడ్ల పలక పక్కన పెట్టి, చిరిగిన ఇంకో కిటికీ జాలీ చంకన పెట్టుకుని వస్తోంది. ఎదురింట్లోంచి ఇంకొకావిడ. ఆయన చెయ్యి మీట మీద అలాగే ఆగిపోయింది. కొలత టేపు తీసుకుని దిగాను.

"ఇది కూడా కొన్నదేనా మేస్త్రీ?" అంది అవ్వ.

"కాదవ్వా, నాదే," అన్నాను.

అవ్వ నా నోటివైపు చూసింది, పైన స్పీకర్ల వైపు చూసింది. రెండూ ఒకటే గరగర. "అవునే, నీదే," అంది. "మరి ఆ ముందరి పిల్ల?"

"అదీ నేనే."

అవ్వ జాలీని నా చేతిలో పెట్టి, "అయితే ఇది సోమవారం లోపల కావాలి," అంది. నేను కిందకూర్చుని పాత రబ్బరు లాగడం మొదలుపెట్టాను.

రోంగ్‌కున్ దిగి నా వెనక్కి వచ్చాడు. గొంతు తగ్గించి, "పండగ ముందు మంగళవారం రావా? ఊరంతా చాటింపు వేస్తావా? రేపు ఆ పాతది ఎలాగో అలా బాగుచేసి పెట్టు," అన్నాడు.

"పాతది నా జేబులో ఉంది. అది ఇంక బండెక్కదు," అన్నాను. "కొలత రాసుకో. అడ్డం రెండున్నర అడుగులు."

ఆయన జేబులు తడుముకున్నాడు. పెన్ను కోసమో, సిగరెట్ కోసమో తెలియలేదు. పైనుంచి మళ్ళీ మొదలైంది, సందు చివరిదాకా వినపడేలా. మంగళవారం మాత్రం రాను.