వాగొడ్డున పన్నెండు అంగలు

అక్కకు తమ్ముడు మూడేళ్ళ గడువిచ్చాడు. వాగు ఒడ్డున పన్నెండు అంగల వెడల్పున మెత్తటి నేల, ఉమ్మడి పొలంలో అన్నిటికంటే బాగా పండే చోటు, దాన్ని దున్నకుండా వదిలేయమంది ఆవిడ. గడ్డి పెంచుతుందట, పొదలు నాటుతుందట. వానకు చేలోంచి కొట్టుకొచ్చే ఎరువును ఆ గడ్డీ వేళ్ళూ పట్టేసుకుంటాయట. వాగు దిగువన మంచినీళ్ళ బావిలో ఎరువు కలిసిందని, 'ఈ నీళ్ళు చంటిపిల్లలకు పట్టకండి' అని బోర్డు పెట్టిన రోజు నుంచి ఆవిడకు ఇదే ధ్యాస.

"సరే, మూడేళ్ళు. నీళ్ళు బాగుపడకపోతే నా ట్రాక్టరు వాగు దాకా పోతుంది," అన్నాడు తమ్ముడు. సేద్యం చేసేది అతనే మరి.

మనిషి మొండిదే గానీ, ఆవిడ పని చూస్తే ఎవరైనా నోరెళ్ళబెట్టాల్సిందే. యాభై అయిదేళ్ళ వయసులో మోకాళ్ళ మీద పాకుతూ గడ్డి పిలకలు నాటింది. ఎండిపోయినవి పీకి మళ్ళీ నాటింది. కోసిన గడ్డి అక్కడే కుళ్ళితే పట్టిన ఎరువంతా తిరిగి వాగులోకే పోతుందని, ఏటేటా మోపులు కట్టి తనే మోసుకుపోయింది. తమ్ముడు గట్టు మీద కూర్చుని వేళాకోళం చేసేవాడు గానీ, ఈ ఓపిక నాకు లేదని లోలోపల అనుకునేవాడు. ఆ ముక్క పైకి అంటే అతని సొమ్మేం పోయేదో!

గడువు చివరి రోజున జోరుగా వాన. నీళ్ళు పరీక్ష చేసే ఆఫీసరమ్మ పొలానికి ఎగువన ఒక సీసా, దిగువన ఒక సీసా ముంచి, మందు చుక్కలు కలిపి రంగు చూసింది.

"లాభం లేదమ్మా. దిగువ సీసాలో ఎరువు మూడేళ్ళ క్రితం ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది."

గెలిచినవాడు మీసం మెలేయాలి. తమ్ముడికి చెయ్యి లేవలేదు. అక్క ముఖం అంతలా వాడిపోవడం అతను ఎప్పుడూ చూడలేదు.

ఆవిడ మాత్రం ఏడుస్తూ కూర్చోలేదు. షెడ్డులోకి వెళ్ళి, వడ్రంగి దగ్గర్నుంచి తెచ్చి ఉంచిన రంపపు పొట్టు బస్తా భుజాన వేసుకొచ్చింది. "అసలు నీళ్ళు ఎటు పోతున్నాయో చూద్దాం," అంటూ మొక్కజొన్న చేను అంచు పొడవునా నడుస్తూ, పారే బురదనీళ్ళ మీద గుప్పెడు గుప్పెడు చల్లింది.

పొట్టు తేలుతూ వచ్చి గడ్డిలో దూరింది. రెండంగలు పోయిందో లేదో, గడ్డి మొదళ్ళ దగ్గర ఆగిపోయింది. అవతల వాగులోకి దిగే నీళ్ళు తేటగా ఉన్నాయి. తమ్ముడు వంగి దోసిట్లో పట్టి చూశాడు. మూడేళ్ళలో ఒక్కసారైనా వానలో వచ్చి చూసిన పాపాన పోలేదు అతను.

"అబ్బ! నిజంగానే పట్టేస్తోందే!" అన్నాడు.

పల్లపు మూల దగ్గర చల్లిన పొట్టు మాత్రం ఆగలేదు. అంతా ఒక్కచోటికి చేరి, గడ్డి మధ్యలోంచి సూటిగా వాగులోకి పరుగెత్తింది.

అది తమ్ముడు తవ్విన కాలువే. నిరుడు చేలో నీళ్ళు నిలిచి మొక్కలు పసుపెక్కుతుంటే, పార వెడల్పున తవ్వి నీళ్ళు వదిలాడు. ఇంత పెద్ద గడ్డిలో ఇదెంతలే అని అక్క చెవిన వేయలేదు. పైన గడ్డి కప్పేసింది, అతనూ మరిచిపోయాడు. చేలో సగం నీళ్ళు ఆ సందులోంచే పోతాయని ఆ మహానుభావుడికి తట్టనేలేదు.

"ఇదెవరు తవ్వారు?" అంది ఆఫీసరమ్మ.

అక్క వంగి చూసింది. పార వేట్లన్నీ ఎడమచేతి వాటంగా పడి ఉన్నాయి. ఆ పొలంలో ఎడమచేత్తో పార పట్టేవాడు ఒక్కడే.

"పందికొక్కులండీ," అంది, తమ్ముడి వైపు చూడకుండా.

నాలుగు తిట్లు తిట్టినా అతను ఓర్చుకునేవాడు. ఈ మాటకు మాత్రం సిగ్గుతో చితికిపోయాడు.

"ఆ పందికొక్కుని నేనే మేడమ్. రాసుకోండి."

"రాస్తాను. కానీ ఇవాళ వచ్చిన అంకె మారదు."

"మారక్కర్లేదు," అంది అక్క. "మాటంటే మాటే. రేపు దున్నుకోరా."

అతను పార తెచ్చి, చేను గట్టు మీది గడ్డి పెళ్ళలు పెకలించి కాలువలో కుక్కాడు. నీళ్ళు వాటిని నెట్టేశాయి. మళ్ళీ కుక్కి, ఈసారి వాటి మీదికెక్కి రెండు కాళ్ళతో తొక్కి నిలబడ్డాడు. నీళ్ళు చీలమండల దాకా లేచి, కాసేపు అక్కడే తచ్చాడి, రెండు పక్కలా గడ్డిలోకి మళ్ళాయి.

"ఇక రారా, తడిసి ముద్దయిపోతున్నావు."

"దిగితే పెళ్ళలు లేచిపోతాయక్కా. వాన తగ్గేదాకా ఇక్కడే ఉంటాను."

"మరి రేపు ట్రాక్టరో?"

"ఏ ట్రాక్టరు?"

అక్క అతని కాళ్ళ వైపు చూసింది. పెళ్ళల కిందనుంచి ఇంకా సన్నగా నీళ్ళు కారుతున్నాయి. చెప్పులు విడిచి గడ్డిలోకి దిగింది.

"ఒక్కడి బరువుకు ఆగేట్టు లేదు, జరుగు," అంటూ వచ్చి అతని పక్కన నిలబడింది.